గొర్రెల డాక్టరమ్మ కోసం ప్రార్థన

తప్పిపోయిన గొర్రెను వెదకి రక్షించే మంచి కాపరికి స్తోత్రం!

సువార్త పని మీద ముంబై వెళ్లినప్పుడు, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కామాఠిపురలో ఒక అవ్వ నా చేతిలోని తెలుగు బైబిలు చూసి, వరుస గదుల చాల్‌లోని తన గదిలోకి పిలిచింది. నేను వారించేలోపే బైబిలు ముందు కొబ్బరికాయ కొట్టి, ఊదుబత్తి వెలిగించింది.

"ఏ దేవుడైతేంది అయ్యా, నా మనుమరాలు పోకుండ ఆపాలె. పశువుల డాక్టరు చదివింది. మక్తల్ కాడ దవాఖాన పెడ్తదంట. మేము గొర్లను ఇడ్సిపెట్టి బొంబాయికొస్తిమి, ఇది మల్ల గొర్ల కాడికే పోతదంట!"

మాది మక్తలే. గొర్రెలు రోగాలతో చచ్చి, కాపరులు వలసపోతుంటే, ఒక డాక్టరును పంపమని మా సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేస్తోంది. ఆ మాటే చెప్పాను.

"అరే దేవా! అయితే నా పోరిని గుంజుకపోతున్నది మీరేనా?" అంటూ అవ్వ ఊదుబత్తి ఆర్పేసింది. కాసేపు ఆలోచించి మళ్లీ వెలిగించింది. "సరే, పోరిని నన్ను గూడ తీస్కపొమ్మను. కానీ ఆడ నల్లా నీళ్లు రోజూ రావాలె."

దేవుని బిడ్డలారా, మా ఊరికి డాక్టరమ్మ రావాలనీ, అక్కడ అవ్వ ఇంటి నల్లాలో రోజూ నీళ్లు రావాలనీ నాతో కలిసి ప్రార్థించండి. రెండోదాని కోసం మాత్రం కాస్త ఎక్కువసేపు మోకరించండి.