జిలేబీల చెరువులో ఒక్క పరక

మొన్న ఆదివారం బీదర్ వెళ్లింది కోట చూడటానికి కాదు, ఎండు పరకల కోసం. వేలెడంత నాటు చేపలవి, చింతపులుసులో ఉడికితే ముల్లుతో సహా నమిలేయొచ్చు. భాల్కి దగ్గరి ఓ పల్లెలో నర్సయ్యన్న, శాంతమ్మక్క దంపతుల ఇంట్లో మూడేళ్ల క్రితం తిన్న రుచి నన్ను వదల్లేదు. ఉదయం ఏడింటికి బీదర్‌లో భాల్కి బస్సెక్కితే గంటకు పైగా పట్టింది. అక్కణ్ణుంచి చెరువు దాకా షేర్ ఆటో, ముప్పై రూపాయలు.

"పరకలా? యాడియి సార్ ఇప్పుడు! జిలేబీలైతే గంపలకు గంపలు" అని ఆటో అతను నవ్వాడు. జిలేబీ అంటే తిలాపియా, పరాయి దేశపు చేప. తొందరగా పెరుగుతుందని చెరువు గుత్తకు తీసుకున్నాయన తెచ్చి వదిలాడట. పరకల గుడ్లూ మేతా అదే మింగేసింది. నాకు ఆ నవ్వు నచ్చలేదు.

గట్టు మీద శాంతమ్మక్క ఊరికే కూర్చుని ఉంది. పరకలు ఎండబెట్టి భాల్కి సంతలో అమ్మడమే ఆమె బతుకుతెరువు. "ఏం ఎండబెట్టాలె తమ్మీ? పట్టా పరిచి రెండేండ్లాయె" అంది.

నర్సయ్యన్న వల లాగాడు. చేతికి తగిలిన మొదటి చేపను ప్రాణంతో చెరువుకే తిరిగివ్వడం వాళ్ల నాయన నాటి ఆనవాయితీ. ఆ రోజు తగిలింది జిలేబీ. పట్టుకోగానే దాని నోట్లోంచి పిల్లలు బిలబిలా రాలాయి. పిల్లల్ని నోట్లో దాచుకుని తిరిగే జాతి అది.

"మొదటిది వదలాలి కదా అన్నా?" అన్నాను.

"రోజు ఇదే తగులుతాంది, రోజు ఇడుస్తున్న. నా చేతుల్తోనే చెరువు నింపిన" అంటూ దాన్ని గంపలోకి విసిరాడు. తర్వాత వలంతా దేవులాడాడు. అడుగున ఒకే ఒక్క పరక కొట్టుకుంటోంది. దాన్ని దోసిట్లో పట్టి నీళ్లలోకి దించాడు.

శాంతమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కటే పోయి ఏం జేస్తది? జత యాడున్నది దానికి?"

మధ్యాహ్నం జొన్నరొట్టెతో జిలేబీ పులుసు తిన్నాం. బాగానే ఉంది, అదే నాకు మండింది.

చెరువు నిండా చేపలే, చూసినవాళ్లు కళకళలాడుతోంది అనుకుంటారు. తిరుగు బస్సులో నాకు మాత్రం అది ఖాళీగానే గుర్తొచ్చింది. వెళ్లేవాళ్లకు ఒక మాట: భాల్కి నుంచి సాయంత్రం దాకా బస్సులున్నాయి, తొందరపడకండి. గట్టున జిలేబీలే కొనండి, మోయగలిగినన్ని. పరకలు మాత్రం శాంతమ్మక్కను అడగకండి. ఉన్న ఒక్కటీ నీళ్లలో ఉంది.