అయస్కాంతానికి కదిలే పొర

ఆ రోజుల్లో మావారు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పేవారు. నేను పంజాగుట్ట అవతల ఒక చిన్న పరిశోధనశాలలో పనిచేసేదాన్ని. పెళ్ళయి ఏడాది కాలేదు. మైత్రీవనం వెనక సందులో మేడమీద ఒకటే గది మాకు. కింద అంతా హాస్టల్ పిల్లలు, ఎదురుగోడ నిండా కంప్యూటర్ కోర్సుల కాగితాలు.

ల్యాబ్‌లో మేము ఒక రకం బాక్టీరియాను కొబ్బరినీళ్ళలో పెంచేవాళ్ళం. కదపకుండా ఉంచితే పైన పొర కట్టేది. మొదట పాలమీద మీగడలా ఉండి, తర్వాత తాటిముంజలా చిక్కబడేది. అది సెల్యులోజ్, పత్తిలో ఉండేదే. దాన్ని బాగా కడిగి, కంటికి కనబడని ఇనుప ఆక్సైడ్ రేణువులు ఎక్కిస్తే నల్లగా మారి, అయస్కాంతం ఎటు జరిపితే అటు కదిలేది. అలాంటి పొరను గాయంలో పరిచి, బయటనుంచి అయస్కాంతంతో సుతారంగా కదిలిస్తే కొత్త కండ తొందరగా అల్లుకుంటుందేమోనని ల్యాబ్ నడిపే మా మేడమ్ ఆశ. ఆ పొరవల్ల కణాలకు హాని ఉందా లేదా తేల్చడం నా వంతు.

నాకు నెల తప్పిందని తెలిసినప్పుడు ఇంట్లో ఇద్దరం చాలా సంతోషపడ్డాం. ల్యాబ్‌లో మాత్రం చెప్పలేదు. పని చేతులు మారితే మళ్ళీ నా దాకా రాదని భయం.

ఒకరోజు భోజనం చేస్తూ ఆయన అడిగారు. "ఆ నల్లపొడి తూకం వేసేది నువ్వేనా?"

"నేనే. మాస్క్ పెట్టుకుంటాను."

"పొరపాటున పీలిస్తే ఏంటి?"

"కణాలనేం చేస్తుందో చూస్తున్నాం. పీల్చిన మనిషి సంగతి మేం చూడలేదు."

"కడుపులో బిడ్డకో?"

"తెలీదండీ."

ఆయన నా కంచంలో నెయ్యి వేస్తూ అన్నారు. "తప్పు దొరకలేదంటే తప్పు లేనట్టు కాదని క్లాసులో రోజూ చెప్తాను. నువ్వేమో అసలు వెతకనే లేదంటున్నావు. మానెయ్యమనను. మీ మేడమ్‌గారికి చెప్పు చాలు."

మర్నాడు షేర్ ఆటో దిగి, ఎలా మొదలుపెట్టాలో కూడబలుక్కుంటూ వెళ్ళాను. మేడమ్ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి, రిటైర్మెంట్‌కు దగ్గర్లో ఉన్నారు. విషయం చెప్పగానే చేతిలో పని పక్కన పెట్టి నావైపు తిరిగారు.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"ప్రాజెక్టు పోతుందేమోనని, మేడమ్."

"ముక్కు మొఖం తెల్వని రోగికి ఏం కావద్దనే కద మనమింత తిప్పలు పడుతున్నం. మరి నీ గురించి ఎవరు చూడాలె?" అన్నారు. కోపం కాదది, నొచ్చుకున్నారు. "ఇయ్యాల్టి సంది పొడి పని నాది. నువ్వు ఆ రూమ్ దిక్కే రాకు. మైక్రోస్కోప్ నీది. ఎవరికీ ఇయ్య, ఫికర్ చెయ్యకు."

అన్నట్టే చేశారు. పొడి తూయడం, పొరలకు ఎక్కించడం, కడగడం అంతా ఆవిడే చూసుకుని, తడి పొరలను మూతపెట్టిన గిన్నెల్లో నా బల్లమీదికి తెచ్చేవారు. వస్తూ వస్తూ ఒక జామకాయో, రెండు బత్తాయిలో కూడా తెచ్చి బయట వరండాలో నా చేతికిచ్చేవారు.

ఫలితం ముందు బాగా రాలేదు. రేణువులు ఎక్కువగా ఎక్కించిన పొరలమీద చర్మ కణాలు ముడుచుకుపోయి గుండ్రంగా తేలాయి. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. మేడమ్ రేణువులు తగ్గించి, మరింత కడిగి ఇచ్చారు. ఈసారి కణాలు కాళ్ళు చాపుకుని పడుకున్నట్టు పొరమీద పరుచుకున్నాయి. ఆవిడను పిలిచాను. ఆవిడ కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి చాలాసేపు చూశారు.

"మంచిగున్నయ్," అన్నారు అంతే.

రిపోర్టులో "సురక్షితం" అని ఒక్కమాట ఉంటే బాగుంటుందని నిధులిచ్చేవాళ్ళు అడిగారు. మేడమ్ ఒప్పుకోలేదు. నాతోనే ఇలా రాయించారు. గిన్నెలో, ఈ కొద్దికాలంలో హాని కనబడలేదు. ఒంట్లో నెలల తరబడి ఉంటే ఈ రేణువులు ఎక్కడికి చేరతాయో తెలియదు. ఇది ఒంట్లో ఉన్న మనిషిని అయస్కాంతంతో తీసే ఎమ్మారై స్కానింగ్‌కు పంపొచ్చో లేదో కూడా ఇంకా చూడాలి. ఆ రిపోర్టు తర్వాత నిధులు రాలేదు. మా పొర ఏ రోగి దాకా వెళ్ళలేదు. నాకు బాధగానే ఉండింది, కానీ రాసినదాంట్లో మార్చాలనిపించిన మాట ఒక్కటీ లేదు.

పాప పుట్టిన రోజున నేను మొదట అడిగింది ఊపిరి సరిగ్గా తీస్తోందా అని. గట్టిగా ఏడుస్తోందని మావారు నవ్వుతూ చెప్పారు.

మూడో నెల వెళ్ళాక పాపను తీసుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ల్యాబ్ కోటు విప్పేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చి ఎత్తుకున్నారు. పాప ఆవిడ భుజంమీదే నిద్రపోయింది. కూర్చోండి మేడమ్ అంటే, "లేస్తది, ఉండనీ" అన్నారు మెల్లగా. మేము టీ తాగి వచ్చేదాకా ఆవిడ అలాగే కిటికీ పక్కన నిలబడి ఉన్నారు.