ఉష బెల్ ఎందుకు మోగలేదంటే

నిన్న సాయంత్రం గుడివాడలో ఆఫీసు నుంచి బయల్దేరబోతుంటే ఫోన్ వచ్చింది. బందరు నుంచి, ఉష వాళ్ళ పక్కింటావిడ.

"మాధవీ, ఉష పోయిందమ్మా."

"ఎక్కడికండీ?" అన్నాను.

మెడ కింద నుంచి ఏమీ కదలని మనిషి ఎక్కడికి పోతుంది? అలా ఎందుకు అడిగానో నాకే తెలీదు. పామర్రు వచ్చేదాకా బస్సులో రాయిలా కూర్చున్నాను. అక్కడ ఏడుపొచ్చింది.

మీలో చాలామందికి ఉష ఇంటర్‌లో మన క్లాస్‌మేట్‌గానే తెలుసు. తర్వాత చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు ఆన్‌లైన్‌లో అమ్మేది. నోరు మహా పదును. బైక్ యాక్సిడెంట్‌లో మెడ విరిగాక ఆ నోరొక్కటే మిగిలింది. అదీ సన్నటి గొంతుతో. గది తలుపు దాటి వినపడేది కాదు.

వాళ్ళన్నయ్య ఇంట్లో, వెనక గదిలో ఉండేది.

నేను ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఆఫీసులో పని చేస్తాను. అందుకని ఆ గదిని నేనే స్మార్ట్‌గా మార్చాను. దిండు పక్కన ఒక స్పీకర్. దానికి చెప్తే ఫ్యాన్ తిరిగేది, లైట్ వెలిగేది. "బెల్ కొట్టు" అంటే వంటింట్లో బెల్ మోగేది, వాళ్ళ వదిన వచ్చేది. అన్నీ వై-ఫై మీదే.

మొదటిరోజు ఫ్యాన్ వేసింది, ఆపింది, మళ్ళీ వేసింది. చిన్నపిల్లలా అదే ఆట.

"ఇన్నాళ్ళకి నా మాట వినేది ఒకటి దొరికిందే," అంది.

కొన్నాళ్ళకి ప్రాబ్లమ్ మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నీ ఒక్కసారిగా ఆఫ్‌లైన్. సాయంత్రానికి వాటంతట అవే వచ్చేసేవి.

ఎండాకాలం. కరెంటు పోయి వస్తే ఫ్యాన్ మళ్ళీ వేసుకునే దారి లేదు. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేని మనిషి, చెమటలో అలాగే పడి ఉండేది. దాహమేసినా అంతే.

నేను చెయ్యని రిపేరు లేదు. ఇనప బీరువా వెనక ఉన్న రౌటర్‌ని హాల్లోకి మార్చాను. పక్కింటి సిగ్నల్‌తో గొడవేమోనని ఛానల్ మార్చాను. ఉప్పుగాలికి కేబుల్ పిన్ను తుప్పు పట్టిందేమోనని కొత్తది వేశాను. సిగ్నల్ పెంచే రిపీటర్ పెట్టాను. మళ్ళీ అదే కథ.

చివరికి ఉషే కనిపెట్టింది.

"ఒసే, ఒకటొకటిగా పోతే వస్తువుల్లో తప్పు. ఇవన్నీ ఒకేసారి పోతున్నాయి. పైగా ఆదివారం పోవట్లేదు."

"ఆదివారానికేముందే?"

"మా అన్నయ్య ఇంట్లో ఉంటాడు. మిగతా రోజులు కృత్తివెన్నులో, రొయ్యల చెరువుల దగ్గర. సిగ్నల్‌కి కూడా మా అన్నయ్యంటే భయమేమో చూడవే."

నవ్వుతూనే అంది. 

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్‌లో వాళ్ళ కనెక్షన్ చూశాను. వాళ్ళ రౌటర్‌కి పవరే లేదు. ఆ వీధిలో మిగతా కనెక్షన్లన్నీ పని చేస్తున్నాయి, అంటే కరెంటు ఉంది.

స్విచ్ కట్టేస్తున్నది వదిన.

ఆవిడ చేసిన చాకిరీ తక్కువది కాదు. ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం. అది నా కళ్ళతో చూశాను. కానీ స్విచ్ కట్టేసింది కూడా ఆవిడే.

ఉష గోల చెయ్యలేదు. "మంచం కింద ఇంకో నెట్ పెట్టు," అంది. సిమ్ వేసిన చిన్న హాట్‌స్పాట్ పెట్టి అన్నిటినీ దానికి కలిపి వచ్చాను.

ఆ మర్నాడు రౌటర్ ఆగింది. బెల్ మాత్రం మోగింది. వదిన కంగారుగా వచ్చి గుమ్మంలో నిలబడిపోయిందట.

"దాహంగా ఉంది వదినా," అని మాత్రమే అందట ఉష.

ఆవిడ నీళ్ళు పట్టింది. సాయంత్రం భర్త ముందు ఏడ్చింది. "మీ చెల్లెలు నన్ను దొంగని పట్టుకున్నట్టు పట్టుకుందండీ. నాకూ కాసేపు నడుం వాల్చాలని ఉండదా?"

అన్నయ్య నాకు ఫోన్ చేశాడు.

"మా ఇంట్లో నిఘాలు పెట్టకమ్మా. మనుషులం మేమున్నాం. పిలిస్తే పలుకుతాం."

స్పీకరు, బెల్లు, హాట్‌స్పాటు అన్నీ పీకి సంచిలో వేసి అటక మీద పడేశాడు. పగలు చూడ్డానికి ఒక మనిషిని పెట్టమన్నాను. బయటివాళ్ళు ఇంట్లో తిరగడం ఇష్టం లేదన్నాడు. నేను వెళ్తే ఉష దగ్గర కూర్చోనిచ్చేవాడు. వైరు ముట్టుకోనిచ్చేవాడు కాదు.

"మా ఇంటికి వచ్చెయ్యవే," అన్నాను. తల అడ్డంగా ఊపే వీల్లేదు కాబట్టి, వద్దన్నట్టు కళ్ళు మూసుకుంది.

"నిజంగా సిగ్నల్ ప్రాబ్లమే అయ్యుంటే ఎంత బాగుండేదే," అంది. 

నిన్న మధ్యాహ్నం వదిన ముందు గదిలో ఏసీ వేసుకుని తలుపులు మూసి పడుకుంది. వెనక గదిలో ఉషకి గొంతులో కఫం అడ్డుపడింది. సాయంత్రం ఆవిడ టీ తీసుకుని వెళ్ళేసరికి ఒళ్ళు చల్లబడిపోయి ఉంది.

ఈ పొద్దున అందరూ అదే మాట. "కన్నకూతుర్ని చూసుకున్నట్టు చూసుకుందండీ వదిన."

వదిన నన్ను పట్టుకుని ఏడ్చింది. "ఒక్కసారి పిలిస్తే పరిగెత్తుకొచ్చేదాన్ని కదా మాధవీ! ఎందుకు పిలవలేదు?"

"దేంతో పిలుస్తుంది వదినా?" అన్నాను.

ఆవిడ ఏడుపు ఆగిపోయింది.  అన్నయ్య నా వైపు చూడకుండా, పాడె కట్టేవాళ్ళు వచ్చారేమో కనుక్కోమని ఎవరికో చెప్పి బయటికి వెళ్ళిపోయాడు.

వెళ్ళిరా ఉషా.
ఇక నీకు ఎవరి దయా అక్కర్లేదు.
చల్లటి గాలిలో హాయిగా పడుకోవే.