పదహారో ఛానెల్లో సత్యవతి చోటు

నా రిటైర్మెంటుకి ముందు ఏడాది, కార్తీకంలో, తెరచాప పడవల పందేనికి రేడియో అధికారిగా నన్ను అరకు కొండ మీద వేశారు. సముద్రపు పందేనికి కొండేమిటని ఇంట్లో ఒకటే నవ్వు. పడవల రేడియో మాట చూపు ఆనినంత దూరమే పోతుంది. ఎత్తు పెరిగితే వినికిడి పెరుగుతుంది. అందుకే సోములమ్మ అనే ఆవిడ కాఫీ తోటలో యాంటెనా నిలబెట్టుకుని కూర్చున్నాను. వినడం, ప్రమాదముంటే హెచ్చరించడం నా పని. ఒక పడవ చోటు ఇంకొకరికి తెలియనివ్వకూడదు.

రెండో రోజు మధ్యాహ్నానికి అందరికన్నా ముందున్నది సత్యవతి పడవ. విశాఖ పిల్ల, మహా మొండి. మిగతావాళ్లు ఒడ్డు వెంట వస్తుంటే, సముద్రం లోపల గాలి బాగుంటుందని ఓడలు తిరిగే దారిలోకి పోయింది. ఆ ఎత్తుగడ బయటపడకూడదని, తన ఉనికిని చుట్టుపక్కల ఓడలకు తెలిపే పరికరాన్ని ఆపేసింది. తన చోటు నాకు మాత్రం పంపింది.

ఇంతలో అక్కడ వాన పట్టి, గాలి పడిపోయింది. ఓడల చోట్లు చూపే నా తెర మీద ఒక బొగ్గు ఓడ తిన్నగా ఆమె వైపే వస్తోంది. వానలో అంత చిన్న పడవ ఓడ రాడార్‌కి ఆనదు. ఇంజను వేస్తే ఆమె పందెం పోతుంది. ఓడను పిలవాలంటే అందరూ వినే పదహారో ఛానెల్లోనే పిలవాలి; గుట్టు రట్టవుతుంది.

సత్యవతికి శాటిలైట్ ఫోను చేసి, ఓడను పిలవమన్నాను. "ఉండండి సార్, గాలి బేగి వచ్చేత్తాది" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. ఆ పడవలో ఇద్దరున్నారు. గదిలోకీ తోటలోకీ తిరుగుతుంటే సోములమ్మ, "ఏటి బాబూ, కూకోవు? జావ సల్లారిపోతంది" అంది.

"నీ జావ పాడుగాను!" అని కసిరాను.

"నిన్ను నా జావేటి సేసింది బాబూ?" అని ఆవిడా ఊరుకోలేదు.

ఇక ఆగలేక పదహారో ఛానెల్లో ఓడను పేరు పెట్టి పిలిచాను. సత్యవతి చోటు చదివి, మీ ముందు గాలి లేక కదలలేని పడవ ఉందని చెప్పాను. ఓడ అధికారి మళ్లీ చదివించుకుని, కుడికి తిరుగుతున్నానన్నాడు. అంత పెద్ద ఓడ తిరిగేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు.

ఆ మాట విన్న మిగతా పడవలు, లోపల గాలి లేదని తెలిసి, ఒడ్డునే పట్టుకుని ఆమెను దాటేశాయి.

పందెం అయ్యాక సత్యవతి ఫోనులో నన్ను కడిగేసింది. "ఏటి సార్, నా దారి ఊరంతా సాటించేత్తారా? గెలిసే పందెం పోగొట్టేసినారు! కమిటీకి రాత్తాను!" అంతా విని, ఓడ ఎంత దూరంలో దాటిందని మాత్రం అడిగాను.

"ఓడ పంకా నీళ్లని కొట్టే సప్పుడు ఇనిపించింది సార్" అంది.

ఆమె కమిటీకి రాయలేదు. ఎత్తుగడను పోటీదారుల దగ్గర దాచవచ్చు, ఓడ దగ్గర దాచకూడదు. పోటీదారులూ ఓడా ఒకే ఛానెల్ వింటున్నప్పుడు, పందెం పోయినా సరే, ఓడకు చెప్పాల్సిందే.