తెర వెనకనుంచి అమ్మ జవాబు

యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరక్క బెజవాడ వన్ టౌన్‌లో మా సందు చీకటి పడకముందే తలుపులేసుకునేది. అందుకే శుక్రవారం వాదన పొద్దుండగానే మొదలయ్యేది, మా అరుగు మీద. మేం దూదేకులవాళ్ళం. నమాజు అరబ్బీలో, మిగతా బతుకంతా తెలుగులో. ఎదురింటి పాస్టరుగారు మా నాన్నని "బావా" అనేవారు. ఇద్దరూ దేవుడి గురించి కొట్టుకున్నంత పని చేసి, ఆనక ఒకే చేటలో వేరుశనక్కాయలు ఒలుచుకు తినేవారు.

వాదనకో కట్టుబాటుండేది. ఎవరి గ్రంథం వాళ్ళు చూపకూడదు, ఎదుటివాడి గ్రంథంలోంచే మాట తీసి గెలవాలి. పాస్టరుగారు మా గ్రంథం చదువుకున్నారు. నాన్నకి అక్షరం రాదు. వరసగా ఓడిపోతున్నాడు.

అమ్మ గుమ్మానికి కట్టిన దుప్పటి వెనక చింతపండు పిక్కలు తీస్తూ వినేది. ఆమెకి బడంటే అదే. వాదనయ్యాక పాస్టరుగారు సువార్త గట్టిగా చదివితే, మర్నాడు మాకు అన్నం పెడుతూ పొల్లుపోకుండా అప్పజెప్పేది.

ఆ శుక్రవారం మసీదు పెద్దాయన వచ్చాడు. "నలుగురిలో పరువు పోతోంది. ఇవాళా జవాబు లేకపోతే ఈ కూటం కట్టిపెట్టు" అన్నాడు నాన్నతో. దుప్పటి వెనక అమ్మ చేతులు ఆగిపోయాయి.

పాస్టరుగారు మొదలెట్టారు. "మీ గ్రంథమే ఏసుని దేవుడి వాక్కంటోంది. నువ్వూ నీ మాటా వేరా బావా? వాక్కు దేవుడిదైతే ఆయనా దేవుడే."

నాన్న గడ్డం గోక్కున్నాడు.

"దూదిలో వెతుకుతున్నావా జవాబు?" అన్నారు పాస్టరుగారు.

అందరూ నవ్వారు. పెద్దాయన లేవబోయాడు.

"అన్నయ్యగారూ" అంది అమ్మ, లోపల్నించి. అందరూ దుప్పటికేసి తిరిగారు. "భటులు పట్టుకుపోయే ముందు ఏసు తోటలో మోకరించి, ఈ బాధ తప్పించమన్నాడని మీ సువార్తే చెబుతోంది కదండీ. ఎవర్ని అడిగినట్టు?"

"కొడుకు తండ్రిని అడిగాడు చెల్లెమ్మా."

"అడిగి, నా ఇష్టం కాదు నీ ఇష్టమే కానీ అన్నాడు. ఇష్టాలు రెండున్నచోట ఉన్నది ఒక్కరెలా అవుతారండీ?"

పాస్టరుగారు పుస్తకం తెరిచారు, మూశారు. "దీనికి మా దగ్గర జవాబుంది. ఇప్పుడు నోటికి రావట్లేదంతే. ఇవాళ్టి గెలుపు చెల్లెమ్మది!" అని తొడ చరిచి మరీ ఒప్పుకున్నారు.

"సువార్త నీకెవరు నేర్పారమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఇంకెవరండీ, పాస్టరుగారే."

నాన్న నవ్విన నవ్వు సందు చివరిదాకా వినబడింది. పెద్దాయన మళ్ళీ కూలబడి, "వచ్చే వారం నాకూ ఓ పీట వెయ్యి" అన్నాడు.

మరుసటి వారం పాస్టరుగారు జవాబుతోపాటు భార్యనీ తెచ్చారు. ఆవిడ చంకలో పుస్తకంతో నేరుగా లోపలికొచ్చి అమ్మ ఎదురుగా కూర్చుంది. ఇంకేముంది, మగాళ్ళు బయట నోళ్ళు కట్టేసుకుని, లోపలి మాటలకే చెవులొగ్గారు.