మట్టి మూకుళ్ళలో ద్రాక్ష

ఎండిన మట్టి మూకుడులో ద్రాక్షగుత్తి పెట్టి, పైన మరొకటి బోర్లించి, తడిమట్టితో అంచు మెత్తడం మాహ్‌గుల్‌కు నలభై ఏళ్ళ పని. చలికాలమంతా కొట్టంలో దాచి, కొత్త ఏడాది పండుగ నౌరోజ్ ముందు గజనీ బజారుకు తెస్తుంది.

ఆ ఏడు ఒక బడిపంతులు మూకుళ్ళ జతను చెవి దగ్గర ఆడించాడు.

"పాడవకుండా మందేమైనా కలుపుతావా ఖాలా?"

"మట్టీ, నీళ్ళూ. అట్లా ఊపకు, పళ్ళు చితుకుతాయి."

కొని, అక్కడే పగలగొట్టాడు. పళ్ళు నిగనిగలాడుతున్నాయి.

"కోసిననాటి రుచే ఉంటుందా?"

"నాకేం తెలుసు? తినేది కొన్నవాళ్ళు. నేనొకటి పగలగొట్టుకుంటే ఇంట్లో ఆ పూట రొట్టె ఉండదు."

అతను గుత్తి ఆమె ముందుకు చాపాడు. ఆమె ఒక్క పండు తుంచి, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది.

"చిత్రంగా ఉందే," అంది. "మట్టి వాసనే లేదు."