పెద్దమ్మకు కొన్న పాత ఫోను

ఇక్కడున్న మా వాళ్ళందరికీ తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం నాకొక్కడికే వచ్చు. ఈ పుదుచ్చేరికి మేమెప్పుడొచ్చామో చెప్పగలిగిన ముసలివాళ్ళు కూడా పోయారు. బడి తమిళం, పేపరు తమిళం, బస్సు మీది బోర్డు తమిళం. నేను ముప్పై దాటాక పంతం పట్టి, పలక కొనుక్కొని అక్షరాలు దిద్దాను. అప్పటినుంచి నాకు కొమ్ములు మొలిచాయి. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ కొమ్ముల వల్ల జరిగిందే.

మా అమ్మకు ఒక అక్క, ఒక చెల్లెలు. అక్క, అంటే మా పెద్దమ్మ, ముదలియార్‌పేటలో నాతోనే ఉంటుంది. నాకు పెళ్ళీ గిళ్ళీ లేదు, ఇంట్లో మేమిద్దరమే. చెల్లెలు, మా చిన్నమ్మ, యానాంలో కాపురం. పన్నెండేళ్ళ కిందట మా అమ్మ పోయినప్పుడు చిన్నమ్మ రెండో రోజుకు గానీ రాలేకపోయింది. పెద్దమ్మ ఊరుకోవచ్చు కదా? అందరి ముందూ, "బతికుండంగా రానిదానివి, ఇప్పుడేంటికి వచ్చినావే?" అనేసింది. చిన్నమ్మ చేతిసంచి కింద పెట్టకుండానే తిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఇంట్లో ఎవరి నోరూ మంచిది కాదు, నాది అసలే కాదు.

మొన్న వేసవిలో చిన్నమ్మ కూతురు నాకు ఫోన్ చేసింది. చిన్నమ్మ మంచాన పడింది. చెవులు పోయి చాలా రోజులైంది. మందుల మత్తులో రోజంతా నిద్రేనట, పొద్దున పది గంటలప్పుడు మాత్రం ఒక గంటసేపు తెలివిగా ఉంటుందట. ఆ గంటలో, "అక్క యాడ? అక్కకు నా మీద కోపం పోలేదా?" అని అడుగుతోందట. ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పేశాడు.

ఆ మాట విన్న రోజు పెద్దమ్మ అన్నం ముట్టలేదు. మోకాళ్ళు పట్టేసిన మనిషి, యానాందాకా రైలూ బస్సూ ఎక్కి పోలేదు. తప్పైపోయింది చెల్లీ అందామంటే వినడానికి అవతల చెవి లేదు. ముఖం చూపించాలి, నవ్వాలి, కోపం లేదని చిన్నమ్మ కళ్ళతో చూడాలి. ఇంక దారి లేదు. ఆ పది గంటలకు నేను వైట్ టౌన్‌లో ఆఫీసు కుర్చీలో ఉంటాను. అందుకని పెద్దమ్మకు సొంతంగా ఒక ఫోను కావాల్సి వచ్చింది. కొత్తది కొనే స్తోమతు నాకు లేదు, పాతదే చూద్దామన్నాను.

"పాతదైతే ఏంరా? నేనేమన్నా కొత్తదాన్నా?" అంది పెద్దమ్మ.

మా పేటలోనే పాత ఫోన్లు బాగుచేసి అమ్మే కొట్టు ఒకటుంది. ఆదివారం ఆటోలో తీసుకుపోయాను. నా పరీక్షలు చూసి కొట్టాయనకు విసుగొచ్చింది. అద్దం మీద గీతలున్నాయేమో వెలుతురులో తిప్పి చూశాను. బ్యాటరీ ఉబ్బిందేమో బల్ల మీద పెట్టి చూశాను. ఛార్జరు గుచ్చి చూశాను. ముందు కెమెరా, వెనక కెమెరా రెండూ తెరిచి చూశాను. తెర మీద తన ముఖం కనబడగానే పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకొని, "అయ్యో సామీ, ఎవురీ ముసిల్ది?" అని నవ్వింది. నాలుగు ఫోన్లు పక్కన పెట్టేసి అయిదోది తీసుకున్నాను. నన్నెవడూ మోసం చేయలేడని అప్పుడు నాకు గొప్ప ధీమా.

కొట్టాయన పెద్దమ్మ వైపు చూసి, అక్షరాలు తమిళంలో పెట్టనా అని అడిగాడు. పాపం, ఉన్న మాటే అడిగాడు. నాకు సర్రున లేచింది. "మేము తెలుగువాళ్ళం. తెలుగే పెట్టండి" అన్నాను.

"నాకు అరవమే గదరా చదవను వచ్చేది" అని పెద్దమ్మ నెమ్మదిగా అంది.

"నేర్చుకో. అదేమన్నా బ్రహ్మవిద్యా? నేను నేర్చుకోలేదూ?"

"ఆమా ఆమా, నువ్వు చెప్తే శరే" అంది. నేను కసిరితే ఆవిడ ఎప్పుడూ అంతే, తమిళంలో సరేననేసి ఊరుకుంటుంది. డెబ్బై ఆరేళ్ళ మనిషిని పట్టుకొని అక్షరాలు నేర్చుకోమన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇంటికొచ్చి, ముఖాలు చూసుకుంటూ మాట్లాడే యాప్ వేశాను. పక్కగదిలోంచి ఒకసారి మామూలుగా ఫోన్ చేసి, పచ్చ గుర్తును ఎలా జరపాలో నేర్పాను. పలికింది, చాలనుకున్నాను. బొమ్మతో చేసి చూద్దామని బుద్ధి పుట్టలేదు. కెమెరా కొట్టులోనే చూశాను కదా!

తర్వాత మోసగాళ్ళ సంగతి చెప్పాను. మా వీధిలో ఒకావిడ ఫోనులో ఏదో అడిగితే సరేనని నొక్కి, దాచుకున్నదంతా పోగొట్టుకుంది. "చూడు పెద్దమ్మా, అది నిన్ను ఏదన్నా అడుగుతుంది. మాటలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. నువ్వు చదవక్కర్లేదు. అన్నిటికంటే కిందున్నది నొక్కు. అది వద్దని. ఏది అడిగినా వద్దే."

"కిందది. వద్దు" అని పెద్దమ్మ రెండుసార్లు వల్లించుకుంది.

సోమవారం పొద్దున నేను బయలుదేరేటప్పటికే తలంటుకొని, పట్టుచీర కట్టుకొని, బొట్టు పెట్టుకొని కూర్చుంది. ఫోను ఒళ్ళో ఉంది. ఆ ఒక్కరోజు సెలవు పెడితే నా సొమ్మేం పోయేది? పెట్టలేదు.

పది దాటాక ఆఫీసులో నా ఫోను మోగింది. పెద్దమ్మ. పై అధికారి ఎదురుగా ఉన్నాడని కట్ చేశాను. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాను. మూడోసారి వరండాలోకి వచ్చి ఎత్తాను.

"ఒరే, యానాం నించి చెల్లి కూతురు, పాప, ఫోన్లో కూపిడింది, నేను ఎత్తంగానే ఇదేందో అడిగిందిరా. కిందది నొక్కితిని. చెల్లి కనబడతాంది. నేను కనబడలేదంట. మళ్ళా చేస్తే మళ్ళా అడగతాంది—"

"అడిగితే వద్దనమని చెప్పానా లేదా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు? కిందది నొక్కి పెట్టెయ్!"

"శరి నాయనా" అని పెట్టేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పట్టుచీరలోనే గడప మీద కూర్చుని ఉంది. ముఖం ఎండకు కమిలిపోయింది. గదిలో చీకటికి కనబడటం లేదేమోనని కిటికీలు తెరిచిందట. అప్పటికీ కనబడకపోతే వీధిలోకి పోయి, ఆ ఎండలో ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకొని నిలబడిందట. చెప్పుల్లేవు. "నేను నవ్వతానే ఉంటిని రా. చెల్లి నా తట్టే చూస్తాండాది గానీ నవ్వలేదు. కడాకు గోడ తట్టు తిరిగి పండుకునేసింది."

ఫోను తీసుకొని చూశాను. కెమెరా మంచిదే. మొదటిసారి బొమ్మతో మాట్లాడేటప్పుడు ఆ యాప్ కెమెరా వాడుకోవచ్చా అని అడుగుతుంది. అడిగింది. మూడు మాటలు, ఒకదాని కింద ఒకటి, శుభ్రమైన తెలుగులో. తమిళంలో ఉండి ఉంటే కెమెరా అన్న మాట పెద్దమ్మ కూడబలుక్కొని అయినా చదివేది. కిందది నొక్కమన్నవాణ్ణి నేను. ఒక్క క్షణంలో సరిచేశాను. అంతసేపే పట్టింది, అంతే.

యానాం కలిపాను. తెర మూలన చిన్నగా పెద్దమ్మ ముఖం కనబడింది. "ఇదో, వచ్చినా! పాపా, అమ్మను లేపు" అంది పెద్దమ్మ. అవతల చిన్నమ్మ కూతురు ఏడుస్తోంది. మాట్లాడకుండా ఫోను అటు తిప్పింది. చిన్నమ్మను కింద పడుకోబెట్టారు. గడ్డానికి గుడ్డ కట్టారు. తలాపున దీపం ఉంది.

పెద్దమ్మ అరవలేదు. ఫోనును ముఖానికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. "ఇదో చెల్లీ, నేనే. కోపం లేదు మే నాకు. చూడు" అంది. అలా ఎంతసేపు పట్టుకుందో నాకు తెలియదు, నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

పదకొండు రోజులూ గడిచాక ఒక మధ్యాహ్నం, పప్పు ఏరుతూ అడిగింది. "ఒరే, ఆ పొద్దు ఆ ఫోను నన్ను ఏం అడిగింది రా?"

చెప్పాలి. నోటిదాకా వచ్చింది. నోరు పారేసుకోవడం తప్ప ఇంకేమీ చేతకాని నాకు ఆ ఒక్క మాట బయటికి రాలేదు. "ఏమీ లేదు పెద్దమ్మా. పాత ఫోను కదా, అందుకే" అన్నాను.

పెద్దమ్మ చేట పక్కన పెట్టి నా వీపు నిమిరింది. "పోనీలే నాయనా, బాధపడబాక. పాతది అట్లనే ఉంటాది. నువ్వు చెప్పింది చెప్పినట్టే చేసినా గదా. నీ తప్పు ఏముండాది?"